తలుపులు తెరుచుకున్నా పారిపోని ఖైదీలు

సంపాదకుల వారికి,

1886 నాటి వరంగల్ కేంద్ర కారాగారాన్ని 2021లో కూల్చి, ఖైదీలను ఇతర జైళ్లకు తరలించేదాకా, మా సంఘస్థులతో కలిసి నేనూ అక్కడికి ప్రార్థనకు వెళ్లేవాడిని. జంపఖానాలు నేసి వేళ్లు కాయలు కాసిన ఒక పెద్దాయన, బైబిల్లో ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో కాళ్లకు కొయ్య బొండ బిగించినా అర్ధరాత్రి కీర్తనలు పాడిన పౌలు, సీలల వృత్తాంతాన్నే మళ్లీ మళ్లీ చదివించుకునేవారు. భూకంపంతో తలుపులు తెరుచుకున్నా వారు పారిపోలేదు. ప్రాణం తీసుకోబోయిన చెరసాల అధికారిని ఆపారు. ఆ పెద్దాయనకు నచ్చినది అదే. తన శిక్ష తగ్గాలని కాదు, మనసులోని పగ పోవాలని ప్రార్థించమనేవారు. అంతటి స్వేచ్ఛను నేను బయట అరుదుగా చూశాను. దూరమైందని మన సంఘాలు ఖైదీలను మరవకుండా, హైదరాబాద్‌లోని చర్లపల్లి జైలుకైనా వెళ్లివచ్చే ఏర్పాటు చేయాలని పాస్టర్లను వేడుకుంటున్నాను.

— ఒక పాఠకుడు, హన్మకొండ