పిల్లాడి చదువు పేరు చెప్పి, భయపెట్టి అంటగట్టిన లోన్ రద్దు చేయండి

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,

విషయం: ఏడో తరగతి ఆన్‌లైన్ కోర్సు, దాని పేరు మీద తీసిన 72,000 రూపాయల లోన్ రద్దు చేసి, కట్టిన డబ్బు తిరిగి ఇవ్వడం గురించి.

అయ్యా,

నేను సూర్యాపేటలో బట్టల షాపు నడుపుతాను. కోదాడలో ఉంటున్న మా చెల్లెలి తరఫున ఈ ఫిర్యాదు రాస్తున్నాను. ఆమె సంతకం పెట్టిన అంగీకార పత్రం, లోన్ నంబరు, బ్యాంకు స్టేట్‌మెంట్, మీ వాళ్లతో జరిగిన వాట్సాప్ మాటల స్క్రీన్‌షాట్లు దీనికి జతచేశాను.

గత జూన్‌లో బడులు తెరవగానే మీ పాఠాల యాప్ కంపెనీ కౌన్సెలర్ మా చెల్లెలింటికి వచ్చాడు. ఫ్రీ టెస్ట్ అని చెప్పి మా మేనల్లుడి చేతికి ట్యాబ్ ఇచ్చాడు. పిల్లాడికి మార్కులు తక్కువ వచ్చాయి. ఆ ప్రశ్నలు ఇంకా యాప్‌లో ఉన్నాయి. వాటిలో కొన్ని తొమ్మిదో తరగతివని వాళ్ల బడి లెక్కల సారు చూసి చెప్పారు. ఆ సంగతి ఆ రోజు ఇంట్లో ఎవరికీ తెలియదు. పక్కింటివాళ్లు కూడా కూర్చుని ఉండగా, పిల్లాడి ముందే, "వీడికి బేసిక్స్ లేవు, ఇలాగే వదిలేస్తే ఇంటర్‌లో సీటు కూడా కష్టం" అన్నాడు. తర్వాత మా బావ వైపు తిరిగి, "సార్, నెలకు మూడు వేలు మీ బాబు కంటే ఎక్కువా?" అని అడిగాడు. ఆ మాటకు ఏ తండ్రి అయినా నలుగురిలో అవునని చెప్పగలడా?

ఈ రోజు చేరితేనే స్కాలర్‌షిప్, రేపటికి ఉండదన్నాడు. ఇది నెలనెలా కట్టే ఫీజు, నచ్చకపోతే ఎప్పుడైనా ఆపేయొచ్చన్నాడు. ఆధార్, పాన్ ఫొటోలు తీసుకున్నాడు, మా బావతో సెల్ఫీ దిగించాడు, వెరిఫికేషన్ కోసమని ఓటీపీలు అడిగి తీసుకున్నాడు. అరగంటలో పని అయిపోయింది. అది ఫీజు కాదనీ, వేరే ఫైనాన్స్ కంపెనీ ఇచ్చిన 24 నెలల లోన్ అనీ మొదటి వాయిదా కట్ అయ్యాక వచ్చిన మెసేజ్‌తోనే తెలిసింది. మా బావ సిమెంట్ ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. పని లేని నెలలూ ఉంటాయి. అలాంటి మనిషికి లోన్ అని చెప్పకుండా లోన్ అంటగట్టారు.

ఇక కోర్సు సంగతి. మా వాడిది స్టేట్ సిలబస్, మీరిచ్చిన పాఠాలు సీబీఎస్‌ఈవి. ఆపేయమని మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు మీరు రాసిపెట్టిన పదిహేను రోజుల రీఫండ్ గడువు ఇంకా ఉంది. "ట్యూటర్‌ని మారుస్తాం, కొంచెం ఓపిక పట్టండి మేడమ్" అని ఒకరు, "మా సీనియర్ మాట్లాడతారు" అని ఇంకొకరు చెబుతూ ఆ గడువు దాటించారు. దాటిన మర్నాడే, ఇక రీఫండ్ కుదరదని మెసేజ్ పెట్టారు. మిమ్మల్ని అడిగితే ఫైనాన్స్ కంపెనీని అడగమంటారు. వాళ్లను అడిగితే మిమ్మల్ని అడగమంటారు.

నేను ముప్ఫై ఏళ్లుగా మాట మీదే బతుకుతున్నాను, అందుకే మీ కౌన్సెలర్ ఏం చేశాడో నాకు బాగా అర్థమైంది. పెళ్లి బట్టలకు వచ్చిన ఆడపిల్ల తండ్రి జేబులో ఎంత ఉందో గద్దె మీద కూర్చున్నవాడికి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. తెలిశాక ఆ లోపు ధర చీరలే పరిచి, వాటిలో మంచిది ఏరి ఇవ్వొచ్చు. వియ్యాలవారు చూస్తుండగా ఖరీదైన పట్టుచీర పరిచి, "అమ్మాయి కంటే ఎక్కువా సార్" అని ఆయన నోరు మూయించనూ వచ్చు. రెండింటికీ కావాల్సింది ఒకటే నేర్పు. రెండో పని చేయొద్దని మా షాపులో కొత్తగా చేరిన ప్రతి కుర్రాడికీ మొదటి రోజే చెబుతాను. మీరు మీ కుర్రాళ్లకు ఆ రెండో పనే శిక్షణగా ఇస్తున్నారు. అదే ప్రశ్న, అదే వరుసలో, మా చెల్లెలి వీధిలో మరో ఇంట్లో వేరే కౌన్సెలర్ కూడా అడిగాడని తెలిసింది కాబట్టే ఇంత గట్టిగా అంటున్నాను.

ఆ కుర్రాడితో నేను ఫోన్‌లో మాట్లాడాను. బీటెక్ చదివాడు, మంచి తెలుగు మాట్లాడతాడు, ఎదుటివాళ్ల బాధ వినే ఓపిక ఉంది. వారం వారం టార్గెట్ ఉంటుందని, అందుకోకపోతే ఉద్యోగం పోతుందని చెప్పాడు. ఈ లేఖ చూసి అతన్ని తీసేసి, విషయం అయిపోయిందనుకోకండి. టార్గెట్ పెట్టింది మీరు, ఏం మాట్లాడాలో రాసిచ్చింది మీరు.

మీ ఇంజనీర్ల గురించి కూడా ఒక మాట చెప్పాలి. అరగంటలో లోన్ మంజూరయ్యే పద్ధతి కట్టగలిగినవాళ్లకు, కోర్సు ఆపేయడానికి ఒక బటన్ పెట్టడం రాదా? మీ యాప్ అంతా వెతికినా అది లేదు. చాట్‌లో ఏం రాసినా ఒకే జవాబు వస్తుంది. కరోనా కాలంలో, 2020 సెప్టెంబర్ 1 నుంచి, మన రాష్ట్రంలో టీశాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. మా మేనకోడలు అప్పుడు ఏడో తరగతి. టీవీ ముందు నోట్‌బుక్ పెట్టుకుని ఆ ఏడాది గట్టెక్కింది. ఎవరి దగ్గరా ఓటీపీ అడగలేదు. అది కూడా టెక్నాలజీ తెలిసినవాళ్ల పనే. పిల్లలకు పాఠం చెప్పే యాప్ అంటే నాకు గౌరవమే. అందుకే ఇంత కోపం వస్తోంది.

మీరు చేసింది నిబంధనలకు కూడా విరుద్ధం. 2024 అక్టోబర్ 1 నుంచి ఇచ్చే ఇలాంటి లోన్లకు ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని, అది తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలని, చదివి వివరించాలని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. మా బావకు వచ్చింది ఇంగ్లీషులో ఉన్న పీడీఎఫ్, అదీ లోన్ పడ్డాక. మొదట్లోనే పెనాల్టీ లేకుండా లోన్ నుంచి బయటపడే గడువు ఇవ్వాలని కూడా డిజిటల్ లోన్ల నిబంధనల్లో ఉంది. ఆ మాట ఎవరూ చెప్పలేదు. లేని తొందర కల్పించి కొనిపించడాన్ని, చేరాక బయటికి రానివ్వకపోవడాన్ని 2023 నవంబర్ 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (ఆన్‌లైన్‌లో కొనేవాళ్లను బురిడీ కొట్టించే ఎత్తులు) మార్గదర్శకాలు నిషేధించాయి. ఇలాంటి కోర్సుల్లో ఆటో డెబిట్‌కు ఒప్పుకోవద్దని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. ఆ హెచ్చరిక ఎందుకు వచ్చిందో మీ రంగంలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

కోర్సు రద్దు చేయండి. లోన్‌ను మీరే ఫైనాన్స్ కంపెనీకి కట్టి మూసేయించి, బాకీ లేదనే లెటర్ ఇప్పించండి. ఇప్పటిదాకా కట్ అయిన వాయిదాలన్నీ మా బావ ఖాతాలో వేయండి. అప్పులు కట్టిన తీరు రాసే సిబిల్ రికార్డులో ఆయన పేరు మీద ఎలాంటి మచ్చ ఉండకూడదు. ట్యాబ్ డబ్బాతో సహా భద్రంగా ఉంది, మీ మనిషిని పంపితే ఇచ్చేస్తాం. తీసుకున్న ఆధార్, పాన్ ఫొటోలు, ఫోన్‌లోంచి లాగిన కాంటాక్టులు చెరిపేశామని రాసివ్వండి. ఇంకొకటి, ఇది డబ్బు కంటే ముఖ్యం: పిల్లల ముందు వాళ్ల మార్కులు చెప్పి కించపరచడం మీ శిక్షణలోంచి తీసేయండి. ఆ రోజు తర్వాత మా వాడు లెక్కల పుస్తకం తీయాలంటేనే టెన్షన్ పడుతున్నాడు. వాళ్లమ్మ పక్కన కూర్చుంటే తప్ప హోంవర్క్ చేయడం లేదు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో ఇవి జరగకపోతే ఫైనాన్స్ కంపెనీ మీద ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు, మీ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాం. మీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా మేముండే చోటే కేసు వేసుకోవచ్చని, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాం.

జవాబు తెలుగులో, కాగితం మీద, మా చెల్లెలి చిరునామాకు పంపండి. ఆమె స్వయంగా చదువుకోవాలి.

ఇట్లు,
ఫిర్యాదుదారు అన్నయ్య,
సూర్యాపేట