చివరి రెండు నిమిషాల ఆటను కాపాడండి: ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంఘం) పురుషుల బాస్కెట్‌బాల్ నియమాల కమిటీకి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిటీ చైర్ గారికి,

నమస్కారం. డ్యూక్, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయాల బాస్కెట్‌బాల్ ఆట రెండు మూడు పాయింట్ల తేడాతో చివరి రెండు నిమిషాల్లోకి వచ్చిందంటే డర్హమ్, చాపెల్ హిల్ ఊళ్ళే కాదు, పక్కనున్న కేరీ, మోరిస్‌విల్‌లలోని తెలుగు ఇళ్ళు కూడా ఊపిరి బిగబట్టి కూర్చుంటాయి. రెండు క్యాంపస్‌ల మధ్య దూరం పది మైళ్ళకు కాస్త ఎక్కువ. 1953లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ అనే కాలేజీ జట్ల కూటమి పుట్టినప్పటి నుంచి ఈ రెండు జట్లూ అందులోనే ఉన్నాయి. ఇంత దగ్గరి పోటీలో గెలుపోటములు తేలేది ఎక్కువగా ఆ చివరి రెండు నిమిషాల్లోనే. ఆ రెండు నిమిషాల గురించే ఈ లేఖ. గడియారంలో అవి రెండే. హాల్లో మాత్రం ఫౌళ్ళు, వాటికి శిక్షగా ఎదుటి జట్టు ఎవరూ అడ్డుకోకుండా వేసే ఫ్రీ త్రోలు, టైమ్ అవుట్లు, రీప్లేలు కలిసి పావుగంట మింగేస్తున్న రోజులున్నాయి. బంతి కదిలే సమయం కన్నా ఆగి ఉండే సమయమే ఎక్కువవుతోంది. 2025–26 సీజన్ నియమాలను ముందు పెట్టుకుని, మార్చదగినవీ మార్చకూడనివీ మీకు వివరంగా రాస్తున్నాం.

ఈ రెండు జట్ల పోరు నియమాలను కదిలించడం కొత్త కాదు. 1979 ఫిబ్రవరి 24న డ్యూక్ సొంత హాలైన కామెరాన్ ఇండోర్ స్టేడియంలో నార్త్ కరోలినా బంతిని తిప్పుతూ కాలం గడిపింది. హాఫ్ ముగిసేసరికి డ్యూక్ 7, నార్త్ కరోలినా 0. రెండో హాఫ్‌లో ఇద్దరూ నలభై చొప్పున కొట్టారు, డ్యూక్ 47–40తో గెలిచింది. 1982 కాన్ఫరెన్స్ ఫైనల్లో నార్త్ కరోలినా వర్జీనియాను 47–45తో ఓడించిన తీరు కూడా అదే కోవలోది. తర్వాత 1985–86లో దేశమంతటా 45 సెకన్ల షాట్ క్లాక్, అంటే బంతి అందిన జట్టు ఆలోపు షాట్ వేయాలన్న గడువు, వచ్చింది. 1993–94లో అది 35కి, 2015–16లో 30కి తగ్గింది. బంతిని పట్టుకుని కూర్చోవడం ఆట కాదని అప్పట్లో మీ కమిటీ తేల్చింది. గడియారాన్ని ఆపి కూర్చోవడం గురించి ఇప్పుడు తేల్చాలి.

అసలు జబ్బు ఫౌళ్ళ లెక్కలో ఉంది. పురుషుల ఆటలో ఇరవై నిమిషాల హాఫ్ మొత్తానికీ జట్టు ఫౌళ్ళు ఒకే ఖాతాలో పడతాయి. ఏడో ఫౌల్ నుంచి ఒన్ అండ్ ఒన్, అంటే మొదటి త్రో పడితేనే రెండోది. పదో ఫౌల్ నుంచి నేరుగా రెండు త్రోలు. హాఫ్ మొదట్లో బోర్డు కింద జరిగిన చిన్న తోపులాట ఆఖరి నిమిషంలో కూడా జట్టును వెంటాడుతుంది. హోరాహోరీ ఆటల్లో నాలుగైదు నిమిషాలు మిగిలి ఉండగానే రెండు జట్లూ ఏడు దాటేసి ఉంటాయి. అక్కడి నుంచి ప్రతి చేయి తాకిడికీ ఫ్రీ త్రో గీత దగ్గరికి నడకే.

ఒన్ అండ్ ఒన్ లెక్క ఒకసారి చూడండి. 70 శాతం గురి ఉన్న ఆటగాడిని ఫౌల్ చేస్తే ఒన్ అండ్ ఒన్‌లో ప్రత్యర్థికి సగటున 1.19 పాయింట్లు వస్తాయి, రెండు త్రోలైతే 1.40. గురి 60 శాతమైతే 0.96, 1.20. సగటు కన్నా ముఖ్యమైనది సున్నా పడే అవకాశం. 70 శాతం ఆటగాడు ఒన్ అండ్ ఒన్‌లో వందకు ముప్ఫై సార్లు ఖాళీ చేతులతో వెనక్కి వస్తాడు. రెండు త్రోలైతే తొమ్మిది సార్లే. వెనకబడిన జట్టు కోచ్‌కి ఈ తేడా బాగా తెలుసు. అందుకే ఎవరి గురి తక్కువో వెతికి మరీ వాడి చేయి పట్టుకోమంటాడు. తప్పు చేసిన జట్టుకి నియమమే లాభం చూపిస్తోంది.

ఒన్ అండ్ ఒన్‌కి ఒక అందం ఉందని మేమూ ఒప్పుకుంటాం. 1974 మార్చి 2న ఎనిమిది పాయింట్లు వెనకబడిన నార్త్ కరోలినా, మూడు పాయింట్ల గీతే లేని ఆ రోజుల్లో, చివరి 17 సెకన్లలో ఎనిమిదీ కొట్టి 86–86 చేసింది. మధ్యలో డ్యూక్ ఒన్ అండ్ ఒన్‌లో మొదటి త్రో తప్పకపోతే ఆ కథే లేదు. ఆఖరున వాల్టర్ డేవిస్ దాదాపు ముప్ఫై అడుగుల నుంచి వేసిన బంతి బోర్డుకి తగిలి రింగులో పడింది. అదనపు సమయంలో 96–92తో నార్త్ కరోలినా గెలిచింది. అలాంటి ఒక్క సాయంత్రం కోసం ఏటా వందల ఆటలను ఫ్రీ త్రోల ఊరేగింపుగా మార్చుకోవడం సబబు కాదన్నది మా అభిప్రాయం.

దారి మీ ఇంట్లోనే ఉంది. ఇవే కాలేజీల మహిళల జట్లు 2015–16 నుంచి పది నిమిషాల క్వార్టర్లు నాలుగు ఆడుతున్నాయి. ప్రతి క్వార్టర్‌కీ ఫౌళ్ళు మళ్ళీ సున్నా నుంచి మొదలు, ఐదో ఫౌల్ నుంచి రెండు త్రోలు. ఒన్ అండ్ ఒన్ లేదు. పురుషుల ఆటకీ ఇదే పెట్టండి. అయితే దాన్ని ఉన్నది ఉన్నట్టు తెచ్చుకుంటే ఒక చిక్కు వస్తుంది, దాన్ని ముందే చూసుకోవాలి.

చివరి క్వార్టర్లో ఒక జట్టు జాగ్రత్తగా ఆడి రెండే ఫౌళ్ళు చేసిందనుకోండి. నలభై సెకన్లు మిగిలాయి, ఆ జట్టే వెనకబడి ఉంది. ప్రత్యర్థిని ఫ్రీ త్రో గీతకు పంపాలంటే అది మూడుసార్లు ఫౌల్ చేయాలి. మొదటి రెండింటికీ ప్రత్యర్థి పక్క గీత నుంచి బంతిని లోపలికి విసరడమే, శిక్ష లేదు. గడియారం నాలుగేసి సెకన్లు కరుగుతుంది, ఆట మరీ ముక్కలవుతుంది. ఇంతకన్నా చేటు దీన్ని తిరగేసి వాడటం. మూడు పాయింట్లు ముందున్న జట్టుకి ఫౌళ్ళు మిగిలి ఉంటే, ఎదుటివాడు సమం చేసే షాట్‌కి చేతులెత్తకముందే పట్టుకుని ఆపేస్తుంది, ఉత్త పుణ్యానికి. అదే పని మళ్ళీ మళ్ళీ చేయగలదు. ఎన్‌బీఏ దీనికి ఎప్పుడో మందు కనిపెట్టింది: క్వార్టర్ చివరి రెండు నిమిషాల్లో జట్టుకి ఒక్క ఫౌల్ వరకే వెసులుబాటు, రెండో దానికి రెండు త్రోలు. క్వార్టర్లతో పాటు ఈ రెండు నిమిషాల నిబంధనను కూడా కలిపి తేవాలి. ఒకటి తెచ్చి రెండోది వదిలేస్తే ఆఖరి నిమిషం ఇప్పటికన్నా పాడవుతుంది.

ఇక రీప్లే సంగతి. 2025–26 నుంచి కోచ్‌లకు సవాలు చేసే హక్కు ఇచ్చారు, మంచిదే. బంతి బయటికి ఎవరి చేతి నుంచి పోయింది, రింగు మీది బంతిని ముట్టుకున్నారా, సాయంగా వచ్చిన డిఫెండర్ బోర్డు కింది నాలుగడుగుల అర్ధవృత్తంలో నిలబడ్డాడా అన్నవాటిని సవాలు చేయవచ్చు. కానీ చేతిలో టైమ్ అవుట్ ఉండాలి. మొదటి సవాలు నెగ్గితే ఇంకొకటి దొరుకుతుంది, ఓడితే ఇక లేదు. రింగు మీది బంతి, అర్ధవృత్తం విషయాల్లో చివరి రెండు నిమిషాల్లో రెఫరీలు తమంతట తామే చూడవచ్చు. బంతి బయటికి పోయిన విషయంలో మాత్రం రెఫరీ తనంతట తాను తెర దగ్గరికి వెళ్ళకూడదు.

ఈ చివరి వాక్యంలోనే గుంత ఉంది. ఎనిమిది సెకన్లున్నాయి, తేడా ఒక్క పాయింటు. కామెరాన్‌లో 9,314 మంది అరుస్తున్నారు. పక్క గీత దగ్గర డ్రిబుల్ చేస్తున్నవాడి చేతి మీదుగా డిఫెండర్ బంతిని కొట్టాడు. ముగ్గురు రెఫరీల్లో గీతకు దగ్గరున్నవాడికి అడ్డంగా ఆటగాడి వీపు వచ్చింది. బంతి ఎవరిదో తప్పుగా చూపించాడు. నష్టపోయిన జట్టు దగ్గర టైమ్ అవుట్ లేదు. హాల్లో పెద్ద తెర మీద అందరికీ కనిపిస్తోంది, రెఫరీకి మాత్రం చూసే అధికారం లేదు. లేని టైమ్ అవుట్ అడిగితే టెక్నికల్ ఫౌల్, అంటే నియమం తప్పినందుకు ఎదుటి జట్టుకి ఫ్రీ త్రోలు. 1993 ఏప్రిల్ 5న జాతీయ ఫైనల్లో పదకొండు సెకన్లు ఉండగా మిషిగన్ ఆటగాడు క్రిస్ వెబర్ చేసింది అదే. నార్త్ కరోలినా 77–71తో గెలిచింది. అక్కడ పొరపాటు ఆటగాడిది. ఇక్కడ పొరపాటు రెఫరీది, నష్టం ఆటగాడికి.

కాబట్టి రెండో హాఫ్ చివరి 59.9 సెకన్లలోనూ, అదనపు సమయం చివరి 59.9 సెకన్లలోనూ బంతి బయటికి పోయిన విషయంలో, ముగ్గురు రెఫరీల మాట కలవనప్పుడు ఒక్కసారి తెర చూసే వీలు కల్పించండి. చూసేటప్పుడు మామూలు వేగంలోనే చూడాలని కూడా రాయండి. ఇది చిన్న విషయం కాదు. పక్క నుంచి కొట్టిన దెబ్బకి బంతి బయటికి దూకేటప్పుడు, డ్రిబుల్ చేసేవాడి వేలి కొసను ఒక వెంట్రుకవాసి రాసుకుని పోతుంది. ఒక్కో ఫ్రేమూ ఆపి చూస్తే చివరగా తాకింది ఆ వేలే. మామూలు వేగంలో చూస్తే ఎవరి దెబ్బకి పోయిందో చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. ఫ్రేములు ఆపి తీర్పు చెప్పడం మొదలుపెడితే బాగా డిఫెన్స్ ఆడినవాడికి రావాల్సిన దానికన్నా ఎక్కువే దక్కుతుంది.

ఫ్రేములు లెక్కించాల్సిన చోటు వేరే ఉంది, అది గడియారం. సెకనుకు 60 ఫ్రేముల ప్రసారంలో పదోవంతు సెకను అంటే ఆరు ఫ్రేములు. సమయం ముగిసే బజర్ మోగే క్షణాన వేసిన బజర్ షాట్ చూసేటప్పుడు గడియారంలో సున్నాలు కనిపించే ఫ్రేములో బంతి చేతిని వదిలిందా లేదా అన్నదే ప్రశ్న. సున్నాలు ఆ కోణంలో కనిపించకపోతే బోర్డు చుట్టూ వెలిగే ఎర్ర లైటు లెక్కకు వస్తుంది. గడియారం తప్పేది ఎక్కువగా మొదలయ్యేటప్పుడు: బయటి నుంచి విసిరిన బంతిని లోపల ఆటగాడు తాకినప్పుడు మొదలు కావాలి, టేబుల్ దగ్గర కూర్చున్న మనిషి వేలు దానికన్నా ముందో వెనకో కదులుతుంది. 0.3 సెకను లేదా అంతకన్నా తక్కువ ఉంటే బంతిని పట్టుకుని వేసే వీలే లేదు, గాల్లోనే తట్టాలి. అంటే 0.3కీ 0.4కీ మధ్యనున్న ఆ ఆరు ఫ్రేములు ఒక ఆటను నిర్ణయిస్తాయి. దీనికి సమయం పట్టినా ఫరవాలేదు. మిగతావన్నీ తొంభై సెకన్లలో తేలాలి. అప్పటికీ తేలకపోతే కోర్టులో ఇచ్చిన తీర్పే నిలవాలి.

రీప్లే చూసేటంతసేపూ ఆటగాళ్ళు బెంచి దగ్గర కోచ్ చుట్టూ గుమిగూడటం ఆపాలి. జట్టుకి ఉండే టైమ్ అవుట్లు నాలుగు, వాటిని ఎప్పుడు వాడాలి, ఎన్ని దాచుకోవాలి అన్నది కోచ్ విద్యలో సగభాగం. రెఫరీ తెర దగ్గరికి వెళ్ళగానే అందరికీ ఉచితంగా ఇంకో టైమ్ అవుట్ దొరికితే దాచుకున్నవాడికి దక్కేదేముంది? పదిమందీ కోర్టు మధ్య వృత్తం దగ్గరే నిలబడాలి, బల్ల మీద గీసి చూపించడాలు ఉండకూడదు. దీనికి పైసా ఖర్చు లేదు.

మార్చకూడనివి కూడా చెప్పాలి. మహిళల ఆటలో చివరి నిమిషంలో టైమ్ అవుట్ తీసుకుంటే బంతిని ముందు సగంలోకి జరుపుకునే వీలుంది. పురుషుల ఆటకి దాన్ని తేవద్దు. మొత్తం 94 అడుగుల కోర్టూ దాటాలన్న కష్టంలోంచే 1974లో డేవిస్ షాట్, 1995 ఫిబ్రవరి 2న మొదటి అదనపు సమయం ఆఖరున కోర్టు సగం నుంచి జెఫ్ కేపెల్ వేసిన షాట్ పుట్టాయి. ఆ రెండో ఆటను నార్త్ కరోలినా 102–100తో గెలిచినా జనం మాట్లాడుకునేది కేపెల్ షాట్ గురించే.

కావాలని తప్పే ఫ్రీ త్రోను కూడా ముట్టుకోవద్దు. 2020 ఫిబ్రవరి 8న చాపెల్ హిల్‌లో ఐదు సెకన్ల లోపే ఉండగా డ్యూక్ రెండు పాయింట్లు వెనకబడి ఉంది, ట్రే జోన్స్ చేతిలో ఒక త్రో మిగిలింది. అది పడినా ఓటమే. బంతి రింగుకి తగలాలి, లేకపోతే ఉల్లంఘన. రింగుకో బోర్డుకో తగిలేదాకా వేసినవాడు పదిహేనడుగుల గీత దాటకూడదు. పక్కల నిలబడే ఆరుగురిలో నలుగురు ప్రత్యర్థులే, పైగా బంతి చేతిని వదలగానే వాళ్ళు లోపలికి రావచ్చు. కాబట్టి వంపు లేకుండా గట్టిగా రింగుకి కొట్టి, బంతి వాళ్ళ తలల మీదుగా వెనక్కి దూకేలా చేయాలి. జోన్స్ కొట్టాడు, తనే పరుగెత్తి అందుకున్నాడు, బజర్‌తో పాటు సమం చేశాడు. అదనపు సమయంలో వెండెల్ మూర్ బజర్ షాట్‌తో 98–96. ఇది మోసం కాదు, సాధన చేసి నేర్చుకున్న విద్య.

చివరిగా జనం కోర్టు మీదికి దూకడం. 2024 ఫిబ్రవరి 24న వేక్ ఫారెస్ట్ 83–79తో డ్యూక్‌ని ఓడించినప్పుడు ఆ తోపులాటలో కైల్ ఫిలిపౌస్కీ కాలికి దెబ్బ తగిలింది. జరిమానాలు కాన్ఫరెన్స్‌ల పని. మీరు చేయగలిగింది ఒకటుంది: గడియారంలో పదోవంతు సెకను మిగిలి ఉన్నా, రీప్లే పెండింగులో ఉన్నా జనం లోపలికి వస్తే ఆతిథ్య జట్టుకి టెక్నికల్ ఫౌల్ తప్పనిసరి అని, రెఫరీ విచక్షణకు వదలకుండా, నియమంలో రాయండి. ఆట ముగిశాక మాత్రం అతిథి జట్టు లోపలికి వెళ్ళే దారి ఖాళీ అయ్యేదాకా జనాన్ని ఆపే తాడు ఎత్తకూడదు. ఆ దారి అతిథి బెంచి చివరి నుంచే ఉండాలి, కోర్టును అడ్డంగా దాటించకూడదు.

మీ తదుపరి సమావేశంలో క్వార్టర్ల ప్రతిపాదన చర్చకు వచ్చినప్పుడు రెండు నిమిషాల ఫౌల్ నిబంధనను కూడా అదే కాగితం మీద పెట్టాలని కోరుతున్నాం.

ఇట్లు,
నార్త్ కరోలినా ట్రయాంగిల్ ప్రాంతపు తెలుగు బాస్కెట్‌బాల్ అభిమానులు