ఆర్థో వార్డు ఆయమ్మకు నా వందనాలు

అందరికీ వందనాలు. నాన్న నిన్న సాయంత్రం ఇంటికొచ్చారు. తుంటి ఎముక ఆపరేషన్ బాగా జరిగింది, వాకర్ పట్టుకుని పది అడుగులు వేశారు. దేవునికి స్తోత్రం. 13 రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, రాతలో తప్పులుంటే మన్నించండి.

నా భార్య, చెల్లి, తమ్ముడు చేసింది వేరే చెప్పక్కర్లేదు, వాళ్లకీ తెలుసు. నేను చెప్పాలనుకున్నది వార్డులో రాత్రి డ్యూటీ చేసే ఆయమ్మ గురించి.

చేరిన రెండో రాత్రి బెడ్‌పాన్ కోసం ముప్పావు గంట పిలిచినా ఎవరూ రాలేదు. నాన్న సిగ్గుతో కళ్లు మూసుకున్నారు. ఆమె రాగానే వార్డంతా వినేలా అరిచాను. అది చాలక పొద్దున్నే కంప్లెయింట్ రాసి సూపర్‌వైజర్ చేతికిచ్చాను. ఆమె ఒక్క మాట తిరిగి అనలేదు. ఆ రాత్రి మళ్లీ వచ్చింది. నర్సు చెప్పినట్టు మోకాళ్ల మధ్య దిండు పెట్టి, రెండు గంటలకోసారి నాన్నని ఎలా ఒరిగించాలో నాకు నేర్పింది. నేను కూర్చున్నచోటే నిద్రపోతే లేపేది కాదు, తనే వచ్చి తిప్పి వెళ్లేది. ఇన్ని రోజులు మంచంలో ఉన్నా నాన్న వీపు మీద ఒక్క పుండు లేదు.

డిశ్చార్జి రోజు సెక్యూరిటీ అతను చెప్పాడు. నా కంప్లెయింట్ వల్ల ఆమెకి ఒక రోజు జీతం కట్ చేశారట. రాసింది నేనేనని ఆమెకి మొదటి నుంచీ తెలుసట.

మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. బైబిల్లో మత్తయి సువార్త 18వ అధ్యాయంలో రాజు ఒక దాసుడికి పదివేల తలాంతుల అప్పు వదిలేస్తే, ఆ దాసుడు బయటికొచ్చి నూరు దేనారాల కోసం తోటివాడి గొంతు పట్టుకుంటాడు. దేనారమంటే ఒక రోజు కూలి. తలాంతంటే దాదాపు 6,000 దేనారాలు. అంటే అతనికి మాఫీ అయింది 6 కోట్ల రోజుల కూలి. ఈ లెక్క మా సంఘంలో నేనే బోర్డు మీద వేసి చెప్పాను. దేవుడు నన్ను 47 ఏళ్లుగా ఓర్చుకుంటున్నాడు. నేను ముప్పావు గంట ఓర్చుకోలేక ఆ తల్లి రోజు కూలి పోగొట్టాను.

వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాను. ఐదు వేలు ఇవ్వబోతే, కట్ అయినంత మాత్రం లెక్కపెట్టి తీసుకుని మిగతాది నా జేబులో పెట్టేసింది. "ఇది నా కష్టం బాబూ, తీసుకుంటాను. తాతగారికి రాత్రుళ్లు దిండు మాత్రం మర్చిపోకండి" అంది.

ఒకటి అడగాలనుంది. రాత్రి పూట 40 మంచాలకి ఒక్క ఆయమ్మ ఏం చేయగలదు? తుంటి విరిగితే రెండు రోజుల్లోపు ఆపరేషన్ చేయడం మంచిదని డాక్టర్లే అంటారు. మాకు ఏడో రోజున చేశారు. ఓ రోజు అప్రూవల్ రాలేదన్నారు, ఓ రోజు మత్తు డాక్టర్ లేరన్నారు. ఆ ఆలస్యానికి ఎవరి జీతం కట్ అయింది? కంప్లెయింట్ వెనక్కి తీసుకుంటానని రాసిచ్చాను. రిజిస్టర్‌లో ఎక్కింది తీయడం కుదరదన్నారు. రేపు మళ్లీ వెళ్తాను.

చేను గట్టు తగాదాతో మూడేళ్లుగా మాటల్లేని మా పెదనాన్న కొడుక్కి ఈ పొద్దున ఫోన్ చేశాను. ఎత్తలేదు. సాయంత్రం మళ్లీ చేస్తాను.

మర్చిపోయాను, రెండు యూనిట్ల రక్తం ఇచ్చిన కాలేజీ కుర్రాళ్లు (పేర్లు కూడా అడగలేదు, క్షమించండి), ఉపవాసముండి ప్రార్థించిన మా సంఘం వాళ్లు, రోజూ ఫ్లాస్కులో వేడినీళ్లు తెచ్చిచ్చిన పక్క మంచం వాళ్లమ్మాయి, గుంత కనబడితే చాలు బండి నెమ్మది చేసిన అంబులెన్స్ డ్రైవరు, అందరికీ కృతజ్ఞతలు. అయ్యో, నాన్నని మొదటిసారి నిలబెట్టిన ఫిజియోథెరపీ మేడమ్ గారికి కూడా.

నాన్న పిలుస్తున్నారు. పక్కకి తిప్పే టైమయింది.