గణిత చరిత్రకు పాఠ్యప్రణాళికలో చోటివ్వండి: ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

గణిత విభాగంలో గణిత చరిత్ర, తత్త్వశాస్త్రాలను ఐచ్ఛికాంశంగానైనా ప్రవేశపెట్టవలసిందిగా కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

అవధి (లిమిట్) నిర్వచనంలోని ఎప్సిలాన్, డెల్టా అనే గుర్తులను మేము నల్లబల్ల మీంచి నోటుపుస్తకంలోకి ఎక్కించుకున్నాం. అయితే కలనగణితంలోని అత్యల్ప రాశులు (సున్నాకు ఎంతో దగ్గరైనవి) లెక్కలో ఒక మెట్టులో ఉండి మరుసటి మెట్టులో మాయం కావడాన్ని 1734లో తత్త్వవేత్త బర్‌క్లీ తప్పుబట్టాడనీ, దానికి గణితజ్ఞులైన కోషీ, వియర్‌స్ట్రాస్‌ల చేతుల్లో తృప్తికరమైన సమాధానం కుదిరేసరికి వందేళ్లు దాటిందనీ మాకెవరూ చెప్పలేదు. తెలిసివుంటే ఆ నిర్వచనం బట్టీ పట్టవలసిన వాక్యంలా కాక, ఒక జవాబులా కనబడేది.

1902 జూన్‌లో తత్త్వవేత్త బెర్ట్రాండ్ రసెల్ ఉత్తరం జర్మన్ గణితజ్ఞుడు ఫ్రేగేకు అందేనాటికి, అంకగణితాన్ని తర్కం మీద నిలబెట్టదలచిన ఆయన గ్రంథం రెండో సంపుటం అచ్చులో ఉంది. తమకు తాము సభ్యులు కాని సమితులన్నిటినీ కలిపిన సమితి తనకు తాను సభ్యురాలవుతుందా అన్న, ఆ ఉత్తరంలోని ఒక్క ప్రశ్న (అవుతుందన్నా, కాదన్నా వైరుధ్యమే) ఆ పునాదిని కదిలించింది. ఫ్రేగే ఆ సంగతిని దాచలేదు, అనుబంధంలో ఒప్పుకున్నాడు. నా దృష్టిలో పరిశోధక విద్యార్థికి ఇంతకన్నా మంచి నీతిపాఠం లేదు. 1931 నాటి తర్కవేత్త గోడెల్ అసంపూర్ణతా సిద్ధాంతాల (వైరుధ్యం లేకుండా రాసిపెట్టగల ఏ నియమాల పట్టికతోనూ అంకగణిత సత్యాలన్నిటినీ నిరూపించలేమన్నది వాటి సారం) వెనుక ఉన్నదీ గణితానికి గట్టి పునాది కోసం సాగిన ఈ అన్వేషణే.

గణిత, తత్త్వశాస్త్ర విభాగాల అధ్యాపకులు కలిసి బోధించే ఒక్క సెమిస్టర్ కోర్సును, మూలగ్రంథాల అనువాదాలతో, వచ్చే విద్యా సంవత్సరం నుంచే మొదలుపెట్టమని మనవి.

భవదీయుడు,
ఒక గణిత విద్యార్థి