కొర్లగుంట ట్యూషన్ పిల్లల తరఫున అందరికీ థాంక్స్

బడులు తెరిచినప్పటి నుంచి నాకు సాయం చేసినవాళ్లందరికీ ఒక్కొక్కరికి ఫోన్ చేసి చెప్పాలంటే తెమిలే పని కాదు, అందుకే ఇక్కడ రాస్తున్నా. తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి వరండాలోనే సాయంత్రాలు ఒకటి, రెండు తరగతుల పిల్లలకి ట్యూషన్ చెప్తాను. అందరూ ఇప్పుడిప్పుడే చదవడం మొదలుపెట్టినవాళ్లు. గుణింతం దాకా హుషారుగా వస్తారు, ఒత్తులు తగిలేసరికి పుస్తకం విసిరేసేవాడు ఒకడు, బల్ల కిందికి దూరి ఏడ్చేది ఒకతి, పెన్సిలు విరిచేసేవాడు ఇంకొకడు. ఎట్ల సముదాయించాలబ్బా అని అడిగితే ఇంతమంది కదులుతారని అనుకోలేదు.

మొదటి దండం మా వీధి చివరుండే రిటైర్డ్ టీచరమ్మకి. సర్వీసంతా చిత్తూరు పక్క ప్రైమరీ స్కూళ్లలోనే చేసిన మనిషి. వచ్చి నాకు పెద్ద క్లాసు తీసుకుంటారేమో అనుకున్నా గానీ, ఒక మూల కూర్చుని పిల్లల్నే చూశారు. పోతూ పోతూ, "ఏడుస్తున్నప్పుడు నేర్పకమ్మా, ఏడవనప్పుడు నేర్పు" అన్నారు. శాంతపడటం కూడా ఒక పాఠమే, వాళ్లు నవ్వుతూ ఉన్నప్పుడే ఆటలాగా అలవాటు చేయాలి అని ఆమె మాట. నిజమే కదా, వెక్కివెక్కి ఏడ్చేవాడితో "గట్టిగా ఊపిరి తీసుకో నాయనా" అంటే వాడికి వినపడుతుందా? కోపంలో పెద్దవాళ్లకే చెవికెక్కదు.

అందుకే ఇప్పుడు పుస్తకం తెరవకముందే అందరం ముక్కుతో గాలి పీల్చి, వేడి పాలు ఊదినట్టు నోటితో మెల్లిగా వదులుతాం. పీల్చినదానికంటే వదిలేది ఎక్కువసేపు ఉండాలని, అప్పుడే గుండె వేగం తగ్గుతుందని నర్సుగా చేసే మా వదిన చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది. కోపాన్ని పట్టి ఆపే మెదడు ముందుభాగం పూర్తిగా ఎదగడానికి ఇరవై ఏళ్లు దాటుతుందంట, ఆరేళ్లవాడు తనంతట తానే తమాయించుకోలేడు, పక్కనున్న పెద్దమనిషి నిమ్మళంగా ఉంటే దాన్ని చూసి వాడూ దిగొస్తాడు. థాంక్స్ వదినా, నైట్ డ్యూటీ చేసొచ్చి మరీ చెప్పినందుకు.

చాక్‌పీసు ఐడియా కూడా టీచరమ్మదే. "నాకు కష్టంగా ఉంది" అని నోరు తెరిచి చెప్పలేని పిల్లలు చాక్‌పీసు తీసి కిటికీలో పెడితే చాలు, లేచిపోయి నీళ్లు తాగి రావచ్చు, ఎవరూ ఏమీ అడగరు. ఒక బుడ్డోడు కొన్నాళ్లు చదవడం కంటే నీళ్లు తాగడమే ఎక్కువ చేశాడు. చెప్తే ఆమె నవ్వి "తాగనీలే" అన్నారు, తర్వాత వాడికే విసుగు పుట్టింది. తిరిగొచ్చాక నేరుగా ఆ కష్టమైన పదం మీదికి తోయకూడదు, వచ్చిన పదం ఒకటి చదివించి, ఆ తర్వాత ఒత్తుని వేలితో మూసి పైఅక్షరం పలికించి, అప్పుడు వేలు తీయాలి. ఒక పేజీలో అయిదు పదాల దగ్గర ఆగిపోయాడంటే ఆ పుస్తకం వాడికి ఇంకా బరువే, పక్కన పెట్టేయడమే.

బొరుగుల అంగడి అక్కా, నీకు ఎట్ల చెప్పాలో తెలీదు. బడి నుంచి నేరుగా వచ్చే పిల్లల చిరాకులో సగం ఆకలే అని కనిపెట్టింది నువ్వే. రోజూ నువ్వు పంపే బొరుగులు, పప్పులు తిన్నాక పుస్తకాలు విసరడం బాగా తగ్గింది.

బస్టాండులో ఆర్టీసీ అన్నకి కూడా. ఆదివారం బస్సుల బోర్డులు చదివిద్దామని పిల్లల్ని తీసుకొస్తే ఒక పక్కన నిలబడనిచ్చి, ఏ బస్సు ఎక్కడుందో చూపించాడు. పాకాల, పీలేరు ఒత్తులు లేని బోర్డులు కాబట్టి గడగడా చదివేశారు, పుత్తూరు, చిత్తూరు దగ్గర నీళ్లు నమిలారు, ఎందుకంటే త ఒత్తుకి త పోలికే ఉండదు. శ్రీకాళహస్తి బస్సు రాగానే నా బల్ల కింద పాప మొహం ఎర్రబడింది, ఏడుస్తుందేమో అని నాకు టెన్షన్, అది మాత్రం ఉఫ్ అని ఊది "శ్రీ... కా... ళ" అని మొదలుపెట్టింది. "హస్తి" అనేలోపు బస్సు కదలబోతుంటే అన్న డ్రైవరుకి చెయ్యి అడ్డం పెట్టాడు. లోపలున్న ప్రయాణికులూ ఓపిక పట్టారు, వాళ్లెవరో తెలీదు, వాళ్లకీ థాంక్స్.

అమ్మానాన్నలకి ఒక్క మాట. పక్కింటి పిల్ల పేపరు చదివేస్తోందని కంగారు పడొద్దు. చిన్న తరగతుల చదువు కోసం కేంద్రం 2021లో పెట్టిన పథకం నిపుణ్ భారత్‌లో కూడా చదవడం, లెక్కలు గట్టిపడటానికి మూడో తరగతి చివరిదాకా గడువు ఇచ్చారు, మనం ఒకటో తరగతిలోనే పీకల మీదికి తెచ్చుకోవడం ఎందుకు? ఇంట్లో కూడా ఊదుడు ఆట ఆడుతున్నామని చెప్పినవాళ్లకి ప్రత్యేకంగా థాంక్స్.

ఒత్తులు పెద్దగా లేని పాత బొమ్మల కథల పుస్తకాలు ఎవరింట్లో అయినా ఉంటే పంపండి. టీచరమ్మ ఫోన్లో ఇవన్నీ చూడరు, మా వీధిలో ఉండేవాళ్లు ఎవరైనా దీన్ని ఆమెకి చదివి వినిపించండి.