ఎర్రమట్టి దిబ్బల్లో గెడ్డ దారి ఒక్కటే ఉంచండి

సంపాదకుల వారికి,

విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు పక్కనున్న ఎర్రమట్టి దిబ్బలు 2025 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. ఎంతో సంతోషం. ఆ పేరు విని వచ్చే జనం ఇంకా పెరుగుతారు కాబట్టి, వాళ్లు ఎక్కడ నడవాలన్నది ముందు తేల్చాలి.

చూడ్డానికి కొండల్లా ఉన్నా ఇవి రాళ్లు కావు. సముద్రం ఇప్పటికన్నా బాగా వెనక్కి తగ్గి ఉన్న మంచుయుగంలో గాలి మోసుకొచ్చి పోసిన ఇసుక ఇది. గెడ్డలో, అంటే దిబ్బల మధ్య వాననీరు పారే వాగులో, రాలిన మట్టిని చిటికెడు తడిపి అరచేతిలో రుద్దితే ఎరుపు చేతికి అంటుతుంది, అడుగున తెల్లటి ఇసుక పలుకులు మిగులుతాయి. ఇనుప ఆక్సైడు, బంకమట్టి కలిసిన ఆ పల్చటి పూతే పలుకును పలుకుతో పట్టి ఉంచుతోంది. ఎండలో అది గోడలా నిలబడుతుంది, నీరు పారితే విడిపోతుంది.

అందుకే గోడ మీద మడమతో తన్ని చేసుకున్న మెట్టు అంత చేటు. పైపొర పగిలిన చోటే వాన నీరు దిగి చారలా కోస్తుంది, ఏడాదికేడాది ఆ చార లోతవుతుంది. పుల్లతో గీసిన పేర్లదీ అదే దారి. ఇక ఫొటోల కోసం నిలబడే అంచులు మరీ ప్రమాదం. పైనుంచి గట్టిగానే కనిపిస్తాయి, కింద నీరు తొలిచేసి ఉంటుంది. అంచుకు కనీసం రెండు మూడు మీటర్ల దూరంలో ఆగిపోవాలి.

సందర్శకులను గెడ్డ అడుగునే నడిపించండి. అక్కడ పడ్డ అడుగులను తర్వాతి వరద సర్దేస్తుంది. హద్దుకు కర్ర గుంజలు, తాడు చాలు. సిమెంటు బాట మాత్రం దయచేసి వద్దు, నీరు దాని పక్కలకు మళ్లి రెండు వైపులా కోసేస్తుంది. వాన పడుతున్నప్పుడు, ఆగాక ఒకటి రెండు రోజులు లోపలికి పంపకూడదు. బైకులు రోడ్డు దగ్గరే ఆగాలి, తాగునీరు, తినుబండారాల ఏర్పాట్లూ అక్కడే ఉండాలి. లోపల నీడ తక్కువ, కాబట్టి ఉదయం తొమ్మిదిలోపు చూసి వచ్చేయడం మేలు. గోడల ఎరుపు బాగా తేలేదీ ఆ ఏటవాలు ఎండలోనే.

ఎగువన భూమి చదును చేయడాన్నీ ఆపాలి. అక్కడ దారి మళ్లిన నీరంతా ఒకే గెడ్డలో పడితే కింద ఎన్ని తాళ్లు కట్టినా గోడలు నిలవవు.

అక్టోబరు, నవంబరుల్లో తుపాను వానలు, కార్తీక వనభోజనాల బస్సులు ఒకేసారి వస్తాయి. గుంజలు అంతకు ముందే పాతించాలని అధికారులను కోరుతున్నాం.

— దిబ్బల సమీప గ్రామాల పాఠకులు, భీమునిపట్నం