ఫోన్ డబ్బా మీద బ్యాండ్ల వివరాలు తెలుగులో ఉండాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ఊరికి టవర్ రావడం ఒక ఎత్తు, ఆ టవర్ సిగ్నల్‌ను మన చేతిలోని ఫోన్ అందుకోవడం మరో ఎత్తు. మొదటిదాని గురించి పత్రికల్లో తరచూ వస్తోంది. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోవడం లేదు కాబట్టే ఈ ఉత్తరం.

మా పాడేరు ఏజెన్సీ కొండల్లో ఈమధ్య టవర్ పడిన ఒక ఊళ్లో, ఒకే అరుగు మీద, ఒకే కంపెనీ సిమ్‌లున్న రెండు 4జీ ఫోన్లు పక్కపక్కన పెట్టి చూశాం. ఒకదానికి గీతలన్నీ నిండుగా ఉన్నాయి. రెండోదానిలో ‘నో సర్వీస్’. ఆ రెండోది ఉపాధి పనులు చూసే మేట్‌ది. పని జరిగే చోట కూలీల ఫోటో తీసి యాప్‌లో హాజరు ఎక్కించాల్సింది ఆవిడే. సిమ్ మార్పించింది, ఫోన్ రీసెట్ చేయించింది, టౌనుకు వెళ్లి డబ్బులిచ్చి సాఫ్ట్‌వేర్ కూడా వేయించింది. ఆ టవర్ సిగ్నల్ ఇచ్చేది 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ మీద. బ్యాండ్ అంటే సిగ్నల్ ప్రయాణించే ఫ్రీక్వెన్సీల పట్టీ. ఆవిడ ఫోన్‌లో ఆ బ్యాండే లేదన్న సంగతి ఏ ఒక్కరూ ఆవిడకు చెప్పలేదు. టవర్ బాగానే ఉంది, ఫోనూ పాడవలేదు. ఆ రెండింటికీ పొత్తు కుదరదు, అంతే.

మన దేశంలో మొబైల్ కంపెనీలు 700, 850, 900, 1800, 2100, 2300, 2500 ఇలా చాలా బ్యాండ్ల మీద సేవలు ఇస్తున్నాయి. ఒక్కో బ్యాండ్‌ను అందుకోవడానికి ఫోన్ లోపల తగిన ఫిల్టర్లు, యాంటెన్నా అమరిక ఉండాలి. ఫ్యాక్టరీలో పెట్టకపోతే ఆ తర్వాత ఏ షాపులోనూ పెట్టలేరు. ఫోన్ ఆన్ కాగానే తనలో ఉన్న బ్యాండ్లను మాత్రమే వెతుకుతుంది, నెట్‌వర్క్‌కు కూడా అవే చెబుతుంది. నెట్‌వర్క్ ఆ జాబితాను, రద్దీని చూసుకుని ఏ ఫోన్‌ను ఏ బ్యాండ్ మీదికి పంపాలో నిర్ణయిస్తుంది. నాలుగైదు బ్యాండ్లున్న ఫోన్‌ను ఖాళీగా ఉన్నదాని మీదికి మళ్లిస్తుంది. ఒకటో రెండో ఉన్న ఫోన్ రద్దీలోనే ఇరుక్కుంటుంది. హైదరాబాద్‌లో పక్కపక్కన కూర్చున్న ఇద్దరిలో ఒకరికే వీడియో ఆగి ఆగి రావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. కొండల్లో అయితే నెమ్మదించడం కాదు, అసలు ఫోనే పలకదు.

700 గురించే ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. తక్కువ ఫ్రీక్వెన్సీ కావడంతో అది ఎక్కువ దూరం పోతుంది, గోడలను, చెట్లను దాటుకుని వెళ్తుంది. ఊళ్లు విసిరేసినట్టు ఉండే మా బోటి ప్రాంతాలకు ఇంతకన్నా అనువైనది లేదు. 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం సిగ్నల్ లేని 24,680 గ్రామాలకు 4జీ ఇవ్వడానికి రూ.26,316 కోట్లు మంజూరు చేసి, ఆ పనిని బీఎస్ఎన్ఎల్‌కు అప్పగించింది. మరుసటి ఏడాది ఆ సంస్థకు 700 బ్యాండ్‌ను కూడా కేటాయించింది. ఇంతవరకూ మంచి నిర్ణయాలే. అయితే అంతకుముందు 2016, 2021 వేలాల్లో ఈ బ్యాండ్‌ను ఒక్క కంపెనీ కూడా కొనలేదు. 2022లో జియో ఒక్కటే 5జీ కోసం తీసుకుంది. అప్పటికి దేశంలో ఎవరూ 4జీకి వాడని బ్యాండ్ కాబట్టి చాలామంది తయారీదార్లు చౌక 4జీ ఫోన్లలో దాన్ని పెట్టలేదు. ఆ ఫోన్లే సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారుతూ చివరికి కొండ ఊళ్లకు చేరుతున్నాయి. ఎవరి కోసం టవర్ వేశారో వాళ్ల చేతిలోనే దాన్ని అందుకోలేని ఫోన్ ఉంటోంది. నాకు బాధ కలిగించేది ఇదే.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే ఫోన్ల విషయంలోనూ ఈ తిరకాసు ఉంది. 700లోనే వేర్వేరు ముక్కలకు వేర్వేరు బ్యాండ్ నంబర్లు ఉంటాయి. అక్కడా 700 అంటారు కానీ వాళ్లవి ఎక్కువగా బ్యాండ్ 12, 13. మనకు కావాల్సింది బ్యాండ్ 28. అంకె చూసి మోసపోకూడదు.

ప్రభుత్వం తలచుకుంటే తయారీదార్లు వినరా? 2017 నుంచి ప్యానిక్ బటన్ (ఆపదలో సాయం కోరే మీట) లేకుండా ఫోన్ అమ్మకూడదని నిబంధన పెట్టింది. 2022 అక్టోబరులో 5జీ మొదలైనప్పుడు ఖరీదైన ఫోన్లు చాలావాటిలో 5జీ బ్యాండ్లు ఉండి కూడా సాఫ్ట్‌వేర్‌లో తెరవలేదు. కేంద్రం కంపెనీలను పిలిచి మాట్లాడింది, నెలల వ్యవధిలోనే అప్‌డేట్లు వచ్చాయి. ఖరీదైన ఫోన్ల వాళ్ల కోసం చూపిన ఆ చొరవ ఏడెనిమిది వేల రూపాయల ఫోన్ కొనేవాళ్ల కోసం కూడా చూపాలి.

డబ్బా మీద ‘4జీ’, ‘5జీ’ అని పెద్దక్షరాలతో వేస్తే సరిపోదు. ఏ బ్యాండ్లు ఉన్నాయో, వాటితో మన దేశంలో ఏ కంపెనీ సేవలు అందుతాయో కొనేవాడి భాషలో డబ్బా మీదే ఉండాలి. సెకండ్‌హ్యాండ్ అమ్మేవాళ్లు కూడా ఆ వివరం చెప్పి తీరాలి. ఏ ప్రాంతంలో 2జీ, 3జీ, 4జీ, 5జీ ఉన్నాయో చూపే మ్యాపులు కంపెనీలు వెబ్‌సైట్లలో పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లోనే నిబంధన తెచ్చింది. ఆ మ్యాపుల్లో బ్యాండ్ కూడా చూపించమంటే కంపెనీలకు పెద్ద పనేమీ కాదు, వాళ్ల దగ్గర సమాచారం ఎలాగూ ఉంటుంది. ఇక అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలకు ఫోన్లు కొనే రాష్ట్ర ప్రభుత్వ శాఖలు టెండరులోనే బ్యాండ్ 28 తప్పనిసరి అని రాయాలి. రేపు ఆన్‌లైన్‌లో నమోదు కాలేదని వాళ్ల జీతం ఆపే పరిస్థితి రాకూడదు.

ఇవన్నీ జరిగేలోపు మీరొక సాయం చేయగలరు. మీ జిల్లా ఎడిషన్లలో ఏ మండలంలో ఏ కంపెనీ ఏ బ్యాండ్లు వాడుతోందో అధికారులను అడిగి ఒక పట్టికగా వేయండి. సంత రోజున ఫోన్ కొనడానికి కిందికి దిగేవాళ్లు దాన్ని కత్తిరించి జేబులో పెట్టుకుని వెళ్తారు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా